గుండు చేయించుకున్న బావను ఎందుకు ఆనవాలు పట్టలేకపోయాను? మెదడు ఒక వస్తువును ఎట్లా గుర్తుపడుతుంది?

ప్రశ్న అడిగినాయన రాసిందాన్ని కుదించి చెప్తాను. తిరుమలలో కల్యాణకట్ట బయట వాళ్ల బావ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. గుండు, మీసం లేదు, తలంతా గంధం. అయిదారు సెకన్లు ఆనవాలు పట్టలేకపోయాడు, గొంతు విన్నాకే తెలిసింది. బావ ఫోన్ మాత్రం ఆ మొహం చూసి టక్కున తెరుచుకుంది. బావ ఏడాది బిడ్డ తండ్రి దగ్గరికి పోకుండా ఏడ్చింది. బావను పోల్చుకోలేని ఇదే మనిషి అలిపిరి దగ్గర బస్సు వెనక సగం దాగిన తన ఆటోను దూరం నుంచే గుర్తుపడతాడు. "మెదడు ఫోటో తీసి దాచుకుంటుందా? అట్లయితే బావ ఫోటో ఏమైంది?" అని అడిగారు.

సూటి జవాబు: ఫోటో తీయదు, దాచదు. కన్ను పంపేది అంచులు, తేడాలు, కదలికలు. తల వెనక భాగంలో మొదలయ్యే ఒక వరుస వాటిని గీతలుగా, వంపులుగా, ఆకారాలుగా పేర్చుకుంటూ పోతుంది. అదే సమయంలో పాత అనుభవం పైనుంచి "ఇది ఫలానాది అయ్యుంటుంది" అని ఊహ పంపుతుంది. రెండూ కలిసిన చోట గుర్తుపట్టడం జరుగుతుంది. ఆటో విషయంలో కింది నుంచి, అంటే కంటి నుంచి వచ్చే ఆధారం తక్కువగా ఉన్నా ఊహ సరిగ్గా సరిపోయింది. బావ విషయంలో ఊహ జుట్టూ మీసంతో తయారై కూర్చుంది, కింద నుంచి వచ్చింది దానికి అతకలేదు. గుర్తుపట్టడానికి పట్టిన ఆ అయిదు సెకన్లు పాత ఊహను వదిలి కొత్తది కట్టుకోవడానికి పట్టిన సమయం.

ఇప్పుడు వివరంగా. కంటి పరీక్షలు, చూపు శిక్షణ నా రోజువారీ పని. అందుకని ఇంట్లోనే చేసి చూసుకోగలిగినవి మధ్యమధ్య ఇస్తాను, చదివి నమ్మడం కన్నా చేసి చూడడం మేలు.

కంటిలోనే కోత మొదలవుతుంది

కంటి లోపలి గోడకు అంటుకుని ఉండే రెటీనా పొరలో వెలుగును పట్టే కణాలు సుమారు 12 కోట్లు. ఒక్కో కంటి నుంచి మెదడుకు పోయే నరం పోగులు 10, 12 లక్షలే. వంద కణాలకు ఒక తీగె అనుకోండి. అంత సమాచారం అందులో పట్టదు కాబట్టి రెటీనా ఉన్నదున్నట్టు పంపదు, పక్కపక్క చోట్ల మధ్య తేడాను మాత్రమే పంపుతుంది. సున్నం కొట్టిన గోడ మధ్యలో చెప్పడానికేమీ లేదు, అక్కడి కణాలు దాదాపు ఊరుకుంటాయి. గోడకు తలుపు తగిలే చోట, పంచెకు జరీ అంచు మొదలయ్యే చోట గట్టిగా స్పందిస్తాయి.

ఇంకో కోత: స్పష్టమైన చూపు ఉండేది నడిమి చిన్న గుంటలోనే, దాన్ని ఫోవియా అంటారు. చెయ్యి చాచి బొటనవేలి గోరు చూడండి, దాదాపు అంత మేరే. మిగతా దృశ్యమంతా మసక. మనకు అట్లా అనిపించదు, ఎందుకంటే కళ్లు సెకనుకు మూడుసార్ల దాకా ఒకచోటి నుంచి ఒకచోటికి గెంతుతూ ముక్కలు ఏరుకొస్తాయి. గెంతే ఆ క్షణంలో మెదడు చూపును అణిచేస్తుంది. అద్దం ముందు నిలబడి మీ ఎడమ కన్ను, కుడి కన్ను మార్చి మార్చి చూసుకోండి. కళ్లు కదలడం మీకు ఒక్కసారి కూడా కనిపించదు, పక్కన నిలబడినవాళ్లకు స్పష్టంగా కనిపిస్తుంది. ఫోన్ సెల్ఫీ కెమెరాతో చేయకండి, తెర మీద బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి కదలిక దొరికిపోతుంది. అద్దమే కావాలి.

లేని చోట మెదడు ఎట్లా నింపుతుందో చూడాలంటే స్టిక్కర్ బొట్టు ఒకటి తీసుకోండి, సెంటీమీటరు లోపుది. తెల్ల కాగితం మీద ఎడమ పక్క చిన్న కూడిక గుర్తు గీయండి. దానికి సరిగ్గా 8 సెంటీమీటర్లు కుడికి బొట్టు అంటించండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కూడిక గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెండి. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర బొట్టు మాయమవుతుంది. నరం కంటి నుంచి బయటికి పోయే చోట వెలుగు పట్టే కణాలు ఉండవు, బొట్టు సరిగ్గా అక్కడ పడింది. మాయం కాలేదంటే కారణం నూటికి తొంభై పాళ్లు ఒకటే: చూపు బొట్టు మీదికి జారింది. లేదా కాగితం ఒరిగింది, రెండూ ఒకే ఎత్తులో లేవు. ఇప్పుడు బొట్టు మీదుగా అడ్డంగా ఒక నీలం గీత గీసి మళ్లీ చేయండి. బొట్టు పోతుంది, ఆ ఖాళీలో గీత మాత్రం తెగకుండా కనిపిస్తుంది. అక్కడ మీ కంటికి గీత లేదు. కనిపించింది మెదడు వేసిన అతుకు.

తల వెనక భాగంలో గీతలు

నరం పోగుల్లో సుమారు సగం మధ్యలో ఎదురుపక్కకు దాటుకుంటాయి. దానివల్ల దృశ్యంలో ఎడమ సగం కుడి మెదడుకూ, కుడి సగం ఎడమ మెదడుకూ చేరతాయి. ఎడమ "కన్ను" అనలేదు, దృశ్యంలో ఎడమ "సగం" అన్నాను. ఈ తేడా చివర్లో పనికొస్తుంది. దారిలో, మెదడు నడిమిలో ఉండే థాలమస్ అనే భాగం దగ్గర ఒక మజిలీ. అక్కడికి రెటీనా నుంచి వచ్చే లంకెలు సుమారు పదో వంతే, మెదడు పైపొర నుంచి తిరిగి కిందికి వచ్చేవి చాలా ఎక్కువ. చూపు ఒంటిదారి కాదనడానికి ఇది మంచి సాక్ష్యం.

అక్కడి నుంచి తల వెనక ఉన్న మొదటి దృశ్య ప్రాంతానికి. అక్కడి కణాలు ఏం చేస్తాయో డేవిడ్ హ్యూబెల్, టోర్స్టెన్ వీజల్ అనే శాస్త్రవేత్తలు 1950ల చివర్లో పిల్లుల మీద కనుక్కున్నారు, 1981లో నోబెల్ వచ్చింది. వాళ్లు గాజు స్లైడు మీద చుక్కలు పెట్టి తెర మీద చూపిస్తుంటే కణం పలకలేదు. స్లైడు మార్చేటప్పుడు దాని అంచు నీడ తెర మీద సన్నటి గీతలా జరిగినప్పుడు గట్టిగా పలికింది. ఒక కణానికి నిలువు గీత కావాలి, దాని పక్కదానికి కాస్త ఒరిగిన గీత, ఆ పక్కదానికి ఇంకాస్త ఒరిగింది. ఇట్లా పంచుకుని కూర్చున్నాయి.

శ్రీకాళహస్తిలో కలం పట్టి కలంకారీ వేసేవాళ్లను చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. ముందు బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టిన నల్లనీళ్లతో అంచు గీతలు గీస్తారు. రంగులు ఆ తర్వాత. గీతలు పడగానే ఏనుగో నెమలో తెలిసిపోతుంది, ఇంకా ఒక్క రంగూ పడకముందే. మెదడులో మాత్రం గీతల పని అయ్యేదాకా రంగు ఆగదు. పక్క వరుసలో సమాంతరంగా నడుస్తుంటుంది, అక్కడితో పోలిక సరి.

తర్వాతి మెట్లలో గీతలు కలిసి మూలలు, వంపులు అవుతాయి. ఇంకా ముందుకు, చెవుల వెనకగా తల అడుగు భాగానికి వచ్చేసరికి ఒక్కో ప్రాంతం మొత్తం వస్తువుకు స్పందిస్తుంది. ఇక్కడికి వచ్చేసరికి వస్తువు దగ్గరున్నా దూరమున్నా, కుడికి జరిగినా ఎడమకు జరిగినా లెక్క మారదు. మామిడికాయ చేతిలో ఉన్నా చెట్టున ఉన్నా మామిడికాయే. ఈ ప్రాంతంలోనే మొహాలకు ఎక్కువగా స్పందించే చోటును 1997లో నాన్సీ కాన్విషర్ బృందం గుర్తించింది. సాధారణంగా కుడి పక్క బలంగా ఉంటుంది. దాదాపు దానికి జోడుగా ఎడమ పక్క, చదువు వచ్చినవాళ్లలో అక్షరాలకు స్పందించే చోటు ఉంటుంది. పుట్టుకతో అక్షరాల కోసం ఏ చోటూ ఉండదు, చదువు నేర్చుకోవడమే దాన్ని తయారు చేస్తుంది. చిన్నపిల్లలు ఇంగ్లీషు చిన్న 'బి'ని 'డి'గా రాస్తే కంగారు పడి కొట్టకండి. చెంబు పిడి కుడికి తిరిగినా ఎడమకు తిరిగినా చెంబే అని ఈ ప్రాంతానికి అలవాటు. అక్షరాల దగ్గర మాత్రం ఆ అలవాటు మానుకోవాలి. దానికి కొంతకాలం పడుతుంది.

ఇదంతా ఎంతసేపట్లో? సైమన్ థోర్ప్ బృందం 1996లో మనుషులకు ఫోటోలు సెకనులో 50వ వంతు మాత్రమే చూపించి "ఇందులో జంతువు ఉందా" అని అడిగింది. ఉన్న ఫోటోలకూ లేనివాటికీ తేడా మెదడు విద్యుత్ సంకేతాల్లో సుమారు 150 మిల్లీసెకన్లకే కనిపించింది. అంటే సెకనులో ఏడో వంతు. మీ బావ దగ్గర మీరు తీసుకున్న అయిదు సెకన్లు మెదడు లెక్కలో ఒక యుగం.

ఏమిటో చెప్పే దారి వేరు, ఎట్లా పట్టుకోవాలో చెప్పే దారి వేరు

ఇది చాలామందికి తెలియదు. వెనక భాగం నుంచి రెండు దారులు పోతాయి. కింది దారి "ఇది ఏమిటి" అని తేలుస్తుంది. పై దారి చెయ్యి, కన్ను, కాలు నడిపిస్తుంది. ఈ విభజనకు పేరుపొందిన ఆధారం డీ.ఎఫ్. అనే అక్షరాలతో శాస్త్రవేత్తలు పిలిచే ఒక మహిళ. 1988లో స్నానాలగదిలో గ్యాస్ గీజర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ వల్ల ఆమె మెదడులో కింది దారి దెబ్బతింది. గుడేల్, మిల్నర్ అనే శాస్త్రవేత్తలు ఆమెను పరీక్షించారు. గుండ్రటి పలకకు సన్నటి చీలిక ఉంది. అది నిలువుగా ఉందా అడ్డంగా ఉందా అని అడిగితే చెప్పలేకపోయింది, చేతిలో కార్డును అంతే ఒంపులో పట్టుకొని చూపించమన్నా తడబడింది. "ఉత్తరం వేసినట్టు అందులో వెయ్యి" అంటే చెయ్యి సరైన ఒంపుకు తిరిగి కార్డు లోపలికి పోయింది. తనకు తెలియనిది తన చేతికి తెలుసు.

(సందర్భం వచ్చింది కాబట్టి: తలుపూ కిటికీ మూసిన స్నానాలగదిలో గ్యాస్ గీజర్ పెట్టుకోకండి. ఆ వాయువుకు వాసన ఉండదు. గీజర్ బయట బిగించి వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి తేవాలి.)

కదలికకు కూడా విడిగా ఒక చోటుంది. అది రెండు పక్కలా పోయిన ఒక రోగి గురించి 1983లో రాశారు. టీ పోస్తుంటే ధార గడ్డకట్టినట్టు నిలబడి కనిపించేది. కప్పులో పైకి వస్తున్న టీ ఆమెకు తెలిసేది కాదు, అందుకని పొర్లిపోయేది. రంగు, ఆకారం బాగానే కనిపించేవి.

సగం దాగిన ఆటో ఎందుకు తెలుస్తుంది

బస్సు అంచు ఆటో అంచును కోసే చోట గీతలు అడ్డం–నిలువుగా తగులుకుంటాయి. అడ్డగీత ఆగదు, నిలువుగీత దానికి కొట్టుకొని ఆగిపోతుంది. అట్లాంటి చోటు కనిపిస్తే మెదడు తీర్మానం ఒకటే: ఆగిపోయినది వెనక ఉంది, ఇంకా కొనసాగుతోంది. అందుకే సగం ఆటో మీకు "కోసేసిన ఆటో"లా కనిపించదు, "వెనకున్న ఆటో"లా కనిపిస్తుంది. మిగిలిన టాపు వంపు, వెనక చక్రం, మీరే రాయించుకున్న అక్షరాల మూల, ఇవి చాలు.

ఇంట్లో చేసి చూడండి. నీలం స్కెచ్ పెన్నుతో రెండు కాగితాల మీద "శ్రీకాళహస్తి" అని అరచేతి వెడల్పున పెద్దగా రాయండి. ఒకదాని మీద ఎర్ర రంగు కాగితం ముక్కలు అక్కడక్కడా అంటించి కొన్ని భాగాలు కప్పండి. రెండోదాని మీద సరిగ్గా అవే భాగాలను వైట్‌నర్‌తో చెరపండి. రెంటిలోనూ కంటికి అందే నీలం గీతలు సమానం. పదం తెలియని మనిషికి ముందు వైట్‌నర్ కాగితం చూపించండి, తర్వాత ఎర్రముక్కలది. ఎర్రముక్కలది తేలిగ్గా చదువుతారు. అడ్డం కనిపిస్తోంది కాబట్టి "దీని వెనక గీత ఉంది" అని మెదడు కలుపుకుంటుంది. వైట్‌నర్ కాగితంలో గీత అక్కడే అయిపోయిందనుకుని ముక్కలు విడివిడి వస్తువులవుతాయి.

ఇక్కడ జరిగే పొరపాట్లు: మూడో వంతు కన్నా ఎక్కువ కప్పితే రెండూ చదవలేరు, తేడా తెలియదు. తెలుగుతో ఇంకో చిక్కుంది. ద–ధ, ప–ఫ మధ్య తేడా ఒక చిన్న గీతే. ఆ గీతనే కప్పేస్తే ఏ మెదడూ దాన్ని ఆకారం నుంచి తిరిగి తేలేదు, పదం అర్థం నుంచి ఊహించాల్సిందే. ఊహ ఎంత మొండిదో ప్రూఫులు దిద్దేవాళ్లను అడగండి. తాము రాసిన దాంట్లో ఒత్తు పోయినా వాళ్లకు ఉన్నట్టే కనిపిస్తుంది.

ఊహ ఏ స్థాయిలో పనిచేస్తుందో చూడటానికి నాకు నచ్చింది గుంతపొంగనాల పెనం. పెనాన్ని గోడకు ఆనించి నిలబెట్టండి, ట్యూబ్‌లైటు దానికి పైన ఉండాలి. ఎదురుగా ఒక ఫోటో తీసి, పిడులు కనపడకుండా గుంతలు మాత్రం మిగిలేట్టు కత్తిరించండి. ఫోటోను తలకిందులు చేయండి. గుంతలన్నీ ఉబ్బి బోర్లించిన గిన్నెల్లా లేస్తాయి. వెలుగు పైనుంచే పడుతుందని మెదడు అనుకుంటుంది. పై అంచు చీకటిగా, కింది అంచు వెలుగుగా ఉంటే గుంత. దానికి తిరగబడితే బుడిపె. సూర్యుడు పైన ఉన్న లోకంలో తయారైన లెక్క ఇది. ఫ్లాష్ వేసి తీస్తే రాదు, నీడ పోతుంది. పక్క కిటికీ వెలుగులో తీస్తే అటూ ఇటూ ఊగిసలాడుతుంది. ఫోన్ తిప్పితే తెర తనంతట తాను బొమ్మను నిలువు చేసేస్తుంది, ఆటో రొటేట్ ఆపి తిప్పండి.

ఇక గుండు సంగతి

మొహాన్ని మెదడు కన్ను, ముక్కు, నోరు అని విడివిడిగా తూచదు. వాటి మధ్య దూరాలతో సహా ఒక మొత్తంగా పట్టుకుంటుంది. మొహం ఫోటోను తలకిందులు చేస్తే గుర్తుపట్టడం బాగా దెబ్బతింటుందని, ఇల్లు లాంటి వస్తువులకు అంత నష్టం ఉండదని 1969లోనే తేలింది. ఆ మొత్తానికి జుట్టు అంచు ఒక చట్రం. అది పోతే నుదురు పెద్దదవుతుంది, చెవులు బయటపడతాయి, కళ్లు మొహంలో కిందికి జరిగినట్టుంటాయి. ముక్కు మారలేదు, దాని చుట్టూ ఉన్న కొలతలన్నీ మారాయి.

అయినా బాగా దగ్గరివాళ్లను లోపలి భాగాలతో, అంటే కళ్లు, ముక్కు, నోటితో పట్టుకుంటాం. అంతగా పరిచయం లేనివాళ్లను ఎక్కువగా జుట్టు, మొహం చుట్టుకొలతతో. అందుకే ఎప్పుడో ఒకసారి చూసిన ఎదురింటాయన గుండు చేయించుకుంటే అసలు తెలియదు, సొంత అన్న అయితే క్షణంలో తెలుస్తుంది. బావ ఆ మధ్యలో ఉన్నాడని చెప్పను, మీ ఇంటి సంగతి మీకే తెలుసు! కానీ ఆయన మీసం కూడా తీసేశాడు, అంటే లోపలి భాగం కూడా మారింది. నా లెక్కలో మిమ్మల్ని దెబ్బతీసింది గుండు కన్నా మీసమే.

మిగతా కారణాలు చోటు వల్ల వచ్చినవి. అక్కడ పక్కనున్న తలలన్నీ గుండ్లే, అన్నిటికీ గంధం. గుండూ గంధమూ అందరికీ ఉన్నప్పుడు దాంతో ఆనవాలు దొరకదు. రెండోది రద్దీ. చూపు నడిమి గుంటకు పక్కన పడే వస్తువు చుట్టూ వేరేవి దగ్గరగా ఉంటే మెదడు వాటిని కలగాపులగం చేస్తుంది. పరీక్ష: కాగితం 40 సెంటీమీటర్ల దూరాన పెట్టి కూడిక గుర్తును చూడండి. దానికి 6 సెంటీమీటర్ల పక్కన సెంటీమీటరు ఎత్తున "ప" ఒక్కటే రాస్తే చదవగలరు. దానికి రెండు పక్కలా ఒకటిన్నర సెంటీమీటరు దూరంలో "వ", "మ" రాయండి, మధ్య అక్షరం ఏదో చెప్పలేరు. అది మసక కాదు, మసకైతే ఒంటిగా ఉన్నప్పుడూ చదవలేరు. కొండగుర్తు ఏమిటంటే, చూపు కేంద్రం నుంచి ఎంత దూరమో అందులో సగం కన్నా దగ్గరగా పక్కవి ఉంటే ఇబ్బంది. గుంపులో మీరు తిన్నగా చూసేదాకా ప్రతి మొహం ఆ మధ్య "ప" లాంటిదే.

గొంతు వినగానే ఎందుకు తెలిసిందంటే, గొంతు, నడక, మొహం వేరువేరు దారుల్లో వచ్చి "ఫలానా మనిషి" అనే చోట కలుస్తాయి. ఒక దారి మూసుకున్నా ఇంకోటి తెరుస్తుంది. మీరు వెనకనుంచి నడక చూసి ఉంటే ఇంకా ముందే తెలిసేదేమో.

ఫోన్ ఎందుకు తొందరపడింది? ఫోన్ అడుక్కునే ప్రశ్న చిన్నది: "నా యజమానేనా, కాదా?" ఒకే మొహంతో పోల్చాలి. మీ మెదడు ప్రశ్న: "నాకు తెలిసిన వందలమందిలో ఎవరు, లేక ఎవరూ కాదా?" పైగా ఫోన్‌కు మొహం జానెడు మూరెడు దూరంలో, తిన్నగా, ఒంటరిగా దొరికింది. చాలా ఫోన్లు కళ్లు, ముక్కు, నోరు ఉన్న భాగం మీదే ఎక్కువగా ఆధారపడతాయి, జుట్టును పెద్దగా పట్టించుకోవు. కొన్ని కంటికి కనపడని చుక్కల వెలుగు వేసి లోతు కూడా కొలుస్తాయి. అదే ఫోన్‌ను గుంపు వైపు తిప్పి "మా యజమాని ఎక్కడ" అంటే మీకన్నా వెనకబడుతుంది.

బిడ్డ ఏడుపు

పుట్టిన నాలుగు రోజుల పిల్లలు కూడా పరాయి మనిషికన్నా తల్లి మొహాన్ని ఎక్కువసేపు చూస్తారు. 1995లో ఫ్రాన్స్‌లో చేసిన పరిశోధనలో తల్లికీ, పరాయి మనిషికీ తలకు గుడ్డ కట్టి జుట్టు అంచు దాచేస్తే ఆ తేడా పోయింది. పసితనంలో చూపు మసక, మసకలో గట్టిగా కనిపించేది జుట్టుకూ నుదుటికీ మధ్య అంచే. ఏడాది బిడ్డకు చూపు చాలా మెరుగుపడి ఉంటుంది, కానీ ఆ అంచు మీద ఆధారం ఇంకా పూర్తిగా వదలదు. దానికి తోడు కొత్తవాళ్లంటే భయపడే వయసు అది.

అందుకని గుండు తర్వాత నేరుగా వెళ్లి ఎత్తుకోవద్దు. బిడ్డ తల్లి చంకలో ఉండగా, రెండు మూడు అడుగుల దూరం నుంచి మామూలుగా పిలిచే పేరుతో మాట్లాడండి. గంధం కడిగేసుకోండి, రోజూ పెట్టుకునే అద్దాలు పెట్టుకోండి. బిడ్డ చెయ్యి చాచాకే దగ్గరికి. టోపీ పెట్టి దాయకండి, తీసినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. వీలైతే గుండు గీస్తున్నప్పుడే దూరం నుంచి బిడ్డకు చూపించడం మంచిది, మార్పు కళ్లముందు జరిగితే పాత మొహానికీ కొత్త మొహానికీ లంకె పడుతుంది.

ఈ లంకె ఎట్లా ఏర్పడుతుందో బాగా తెలిపింది మెదడు శాస్త్రవేత్త పవన్ సిన్హా నడుపుతున్న ప్రాజెక్ట్ ప్రకాశ్. పుట్టుగుడ్డి పిల్లలకు మన దేశంలోనే ఆపరేషన్ చేయించి, చూపు వచ్చాక మెదడు ఏం చేస్తుందో పరిశీలించారు. 2011లో ప్రచురించిన ఫలితాల్లో 8 నుంచి 17 ఏళ్ల అయిదుగురున్నారు. చేత్తో తడిమిన వస్తువు ఏదో కట్టు విప్పిన కొత్తలో కంటితో చూసి చెప్పలేకపోయారు. కొన్ని రోజుల్లోనే చెప్పగలిగారు. ఒకదాని మీద ఒకటి పడిన బొమ్మలు చూపిస్తే చూపు కొత్తగా వచ్చినవాళ్లు ముక్కలు ముక్కలుగా చూసేవాళ్లు, అదే వస్తువు కదిలితే ఒకటిగా పట్టేవాళ్లు. కలిసి కదిలేది ఒకే వస్తువు. మెదడు మొదట నేర్చుకునే పాఠాల్లో అదొకటి.

బిడ్డ విషయం వచ్చింది కాబట్టి సోమరి కన్ను గురించి రెండు మాటలు. ఒక కంటికి పవర్ ఎక్కువగా ఉండి గమనించకపోతే ఆ కన్ను ఆరోగ్యంగానే ఉన్నా మెదడులో దాని వాటా తగ్గిపోతుంది. బిడ్డ ఏమీ చెప్పదు, రెండో కన్ను లాక్కొస్తుంటుంది. బడిలో చేర్చేముందు ఒక్కో కన్ను మూసి పరీక్ష చేయించండి. ఏడెనిమిదేళ్లు దాటితే ఫలితం తగ్గుతుంది. మధ్యస్థంగా ఉంటే, సరైన అద్దాలతో పాటు మంచి కంటికి రోజుకు 2 గంటల పట్టీ 6 గంటలతో సమానంగా పనిచేస్తుందని 2003లో తేలింది. ఎన్ని గంటలో డాక్టరు చెప్పాలి, సొంతంగా మొదలుపెట్టొద్దు. పట్టీ పనిచేయలేదని వచ్చేవాళ్లలో ఎక్కువగా కనిపించే తప్పు పట్టీని అద్దానికి అంటించడం. పిల్లలు అద్దం పైనుంచి మంచి కంటితోనే చూస్తారు. పట్టీ చర్మానికే అంటాలి. ఆ రెండు గంటలూ బొమ్మలకు రంగులేయడం, రాళ్లు ఏరడం, చింతగింజలు లెక్కపెట్టడం లాంటి దగ్గరి పని ఇవ్వండి.

ఎప్పుడు భయపడాలి

గుండు బావను అయిదు సెకన్లు గుర్తుపట్టకపోవడం జబ్బు కాదు. కానీ బాగా తెలిసిన మొహాలన్నీ ఉన్నట్టుండి కొత్తవి అయితే, చూస్తున్న వస్తువు పేరు అందక చేత్తో తడిమితేనే తెలుస్తుంటే, ఒక పక్క గడపకు, బల్లకు పదేపదే తగులుతుంటే, చదువుతున్నప్పుడు వాక్యం ఒక సగం కనపడకపోతే అది వేరే సంగతి. వెంటనే ఒక్కో కన్ను మూసి చూసుకోండి. ఒక కంటిలోనే లోపం ఉంటే గొడవ ఆ కంటిలోనో, ఆ నరంలోనో. ఏ కన్ను మూసినా అదే పక్క సగం కనపడకపోతే గొడవ మెదడులో, ముందు చెప్పిన సగాల లెక్క ఇదే. ఒక కంటి చూపు ఉన్నట్టుండి పోయినా ఆగకుండా ఆసుపత్రికే పోవాలి. సగాల లోపం అయినా, మొహాలో వస్తువులో ఉన్నట్టుండి తెలియకపోయినా ముఖ్యంగా అద్దాల దుకాణానికి పోవద్దు. 108కు ఫోన్ చేసి, మెదడు స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి. మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడి ఉంటే దాన్ని కరిగించే సూదిని సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, కాబట్టి చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో కాగితం మీద రాసి డాక్టరు చేతికి ఇవ్వండి.